దొనకొండ దాటావా?

నాకు పెళ్లయి ఇరవై నాలుగేళ్లయింది. ఈ ఇరవై నాలుగేళ్లలో తిరుపతి వెళ్లాను, అన్నవరం వెళ్లాను, భద్రాచలం వెళ్లాను. ఒక్క ప్రయాణంలో కూడా మేమెక్కిన బండి నంబరేమిటో నాకు తెలీదు. పులిహోర కలపడం, నీళ్ల సీసాలు నింపడం, గ్యాసు కట్టానో లేదోనని వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి పరిగెత్తడం... ఇదీ నా వంతు. టిక్కెట్లు మా ఆయన జేబులో ఉండేవి. ఆయన లేస్తే లేచేదాన్ని, దిగమంటే దిగేదాన్ని. "ఇంకెంతసేపండీ?" అని అడగడం ఒక్కటే నాకొచ్చిన ప్రయాణ విద్య.

అందులో లోటేమీ ఉందనుకోలేదు నేను. 2016 జనవరి దాకా.

మాది నరసరావుపేట. పొలం ఊళ్లో ఉంది, పిల్లల చదువుల కోసం మేం పేటలో ఉంటున్నాం. పుట్టిల్లు కంభం. జనవరి అంటే మిరప కోతలు మొదలయ్యే రోజులు. కోసిన కాయ కళ్లంలో ఎండుతుంటే మగవాళ్లు రాత్రిళ్లు అక్కడే కాపలా పడుకుంటారు. ఆ రాత్రి ఏడింటికి మా తమ్ముడు ఫోన్ చేశాడు, "అక్కా, నాన్నకి బాగాలేదు, రాగలవా?" అని. మా ఆయన కళ్లంలో ఉన్నారు. ఆయన ఫోన్ కలవలేదు. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. నా చేతిలో ఉన్నది బటన్ల ఫోను. అత్తయ్యా నేనూ వరండాలో కూర్చుని, తెల్లారితే ఎవరో ఒకరు రాకపోరా అని చూశాం.

తెల్లవారి ఆయన వచ్చారు. కారు మాట్లాడుకుని వెళ్లేసరికి పది దాటింది. నాన్న నాలుగింటికే పోయారు.

ఇందులో ఎవరినీ అనడానికి లేదు. కానీ పెద్దకర్మ అయ్యాక మా తమ్ముడు మాటల్లో ఒక మాట అన్నాడు. "ఆ రాత్రి పేట మీదుగా మనవైపు బండి ఉంది కదక్కా, అందులో వస్తావేమో అని స్టేషన్‌కి వెళ్లి చూశాను" అని. మా ఇంటినుంచి స్టేషన్‌కి ఆటోలో పది నిమిషాలు. ఆ బండి కూత మా వంటింట్లోకి రోజూ వినపడేది. బీఏ తెలుగు చదివాను, ఛందస్సులో గణవిభజన చెయ్యమంటే ఇప్పటికీ చేస్తాను. రోజూ కూత వినే బండి ఎక్కడికి పోతుందో మాత్రం నాకు తెలీదు.

ఇప్పుడు మీకు నా ఫోన్‌లోని యాప్‌ల గురించి చెప్పబోతున్నాను. అన్నీ ఉచితంగా దొరికేవే, అందరికీ తెలిసినవే. అయినా ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, "మాకెందుకులే, ఆయన చూసుకుంటారు" అనే అక్కచెల్లెళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. నేనూ ఆ మాట అన్నదాన్నే కాబట్టి.

మా అమ్మాయి ఇంటర్‌లో ఉన్నప్పుడు నాకు స్మార్ట్ ఫోన్ కొన్నారు. నేను దాన్ని అగ్గిపెట్టెలా పట్టుకునేదాన్ని. "అమ్మా, నొక్కితే పేలదులే" అని నవ్వేది అది. మొట్టమొదట నేర్పమన్నది వేర్ ఈజ్ మై ట్రైన్. బెంగళూరులో నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి పెట్టిన చిన్న కంపెనీ తయారుచేసిందట, 2018లో గూగుల్ వాళ్లు కొనేశారు. ఇందులో తెలుగు పెట్టుకోవచ్చు. ఎక్కే ఊరూ దిగే ఊరూ కొడితే ఆ దారిలో వెళ్లే బళ్లన్నీ వరసగా వస్తాయి. ఏ బండి ఏ స్టేషన్ దాటింది, ఎంత ఆలస్యం, మన పెట్టె ప్లాట్‌ఫాం మీద ఏ వైపు ఆగుతుంది, అన్నీ చూపిస్తుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. మనం బండిలో కూర్చున్నాక దీనికి నెట్ అక్కర్లేదు. దారిలోని సెల్ టవర్లను బట్టి తనే ఎక్కడున్నామో లెక్క కట్టుకుంటుంది. స్టేషన్‌లోనో ఇంట్లోనో కూర్చుని బండి ఎక్కడుందో చూడాలంటే మాత్రం నెట్ ఉండాలి. ఈ తేడా తెలియక నేను మొదట్లో డేటా కట్టేసి "ఇది పనిచెయ్యట్లేదే" అని మా అమ్మాయిని విసిగించాను.

నేర్చుకున్న కొత్తలో ఎక్కడికీ వెళ్లే పని లేదు. ఊరికే చూసేదాన్ని. పప్పు తాలింపు వేస్తూ వినుకొండలో ఉన్న బండిని చూడటం, గిన్నెలు కడిగి వచ్చి అది మార్కాపురం చేరిందో లేదో చూడటం. "కోడలికి రైలు పిచ్చి పట్టింది" అని అత్తయ్య ఆడపడుచుకు ఫోన్లో చెప్పింది. పిచ్చి కాదు. ఆ రాత్రి ఎక్కాల్సిన బండిని రోజూ ఎక్కుతున్నాను, అంతే.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో అమ్మ అంది, "మీ నాన్న నన్ను శ్రీశైలం తీసుకుపోతానని పదేళ్లు చెప్పాడు. ప్రతి కార్తీకానికీ పత్తి తీతలే అడ్డం" అని. మా ఇంట్లోనూ అంతే. కార్తీకం అంటే పత్తి విచ్చే రోజులు. కూలీలు దొరికిన రోజున తీయించకపోతే వాన పడి రంగు మారుతుంది. మా ఆయన్ని రమ్మనే వీలే లేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ, "నేను అమ్మని తీసుకెళ్తానండీ" అన్నాను. ఆయన ముద్ద కలుపుతూ ఆగి, "ఎవరితో?" అన్నారు. "నాతో" అన్నాను.

అత్తయ్య అందుకుంది. "ఏందమ్మాయ్, మగతోడు లేకండా అడవిలోకా? నల్లమలంటే ఏందనుకున్నావు?" అని. కాసేపు సణిగి, సణిగి, పడుకోబోయే ముందు వచ్చి, "నేనూ వస్తాలే. నిన్నొక్కదాన్నీ పంపుతానా?" అంది. మగతోడు కింద అత్తయ్య తయారైంది.

టిక్కెట్లు నేనే తీశాను, ఐఆర్‌సీటీసీ యాప్‌లో. మొదటిసారి కంభం నుంచి నరసరావుపేటకు తీశాను! వెళ్లాల్సింది అటు, తీసింది ఇటు. రద్దు చేస్తే కోత పడింది. ఆ కోత సంగతి మా ఆయనకు ఇవాళ ఇది చదివాకే తెలుస్తుంది. అందుకే చెప్తున్నాను, డబ్బు కట్టే ముందు ఎక్కే ఊరు, దిగే ఊరు, తేదీ, పేర్లు... నాలుగూ గట్టిగా పైకి చదవండి. పోపు డబ్బాలో ఉప్పూ పంచదారా చూసుకున్నట్టే.

ఇప్పుడు ఈ పని ఇంకా తేలికైంది. 2025 జూలై 1న రైల్వే వాళ్లు రైల్‌వన్ అని కొత్త యాప్ తెచ్చారు. రిజర్వేషన్ టిక్కెట్టు, మామూలు జనరల్ టిక్కెట్టు, ప్లాట్‌ఫాం టిక్కెట్టు, ఫిర్యాదు అన్నీ అందులోనే. జనరల్ టిక్కెట్టు ఫోన్‌లోనే చూపించే పద్ధతిలో కొనాలంటే స్టేషన్‌లోకి వెళ్లకముందే కొనాలి, ప్లాట్‌ఫాం ఎక్కాక ఇవ్వదు. స్క్రీన్‌షాట్ చూపిస్తే కుదరదు, యాప్ తెరిచి చూపించాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందునుంచే. పాత 120 రోజుల లెక్క 2024 నవంబరు 1తో పోయింది. పండక్కి పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఈ లెక్క కాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

బయల్దేరే రోజు పొద్దున మా ఆయన ఒక పవర్ బ్యాంక్ తెచ్చి నా సంచిలో పెట్టారు. ఏమీ అనలేదు. అత్తయ్య మాత్రం ఒక కాగితం తెచ్చి, "ఆ అంకెలన్నీ దీని మీద రాయి. ఫోను ఆరిపోతే?" అంది. పది అంకెల పీఎన్ఆర్, తమ్ముడి నంబరు, మా ఆయన నంబరు రాసి ఆవిడ జాకెట్లో పెట్టుకుంది. నవ్వుకున్నాను కానీ, అది చాలా మంచి సలహా. నేనిప్పుడు ప్రతి ప్రయాణానికీ చేస్తున్నాను.

బండి కదిలాక కిటికీ పక్క అత్తయ్య, ఎదురుగా నేను. సావల్యాపురం, వినుకొండ, కురిచేడు, దొనకొండ. ఒకవైపు తెల్లగా విచ్చిన పత్తి చేలు, ఇంకోవైపు ఇంకా పచ్చగా ఉన్న మిరప తోటలు. మా ఊరి చేలే, అయినా ఎవరి పొలమో చూస్తున్నట్టు చూశాను. నేను చెప్పిన ప్రతి స్టేషనూ చెప్పిన వేళకు వస్తుంటే అత్తయ్య మొహంలో అనుమానం తగ్గుతూ వచ్చింది. గజ్జెలకొండ దగ్గర తనే, "తర్వాత మార్కాపురమేనా?" అంది.

ఆ సాయంత్రం కంభం చెరువు కట్ట మీదికి వెళ్లాం, అమ్మ, అత్తయ్య, నేను. రెండు కొండల మధ్య కట్టేసిన ఆ చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద తెచ్చేవారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చిందని ఫోన్‌లో చదివి చెప్తే అమ్మ, "మీ నాన్న ఉంటే ఊరంతా చెప్పుకునేవాడు" అంది.

మర్నాడు పొద్దున్నే బస్సు. మార్కాపురం, దోర్నాల, అక్కడినుంచి నల్లమల. ఇక్కడ మీకు ముఖ్యమైన మాట. దోర్నాల దాటాక చాలాదూరం ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. అది పులుల అభయారణ్యం, రాత్రిపూట గేట్లు వేసేస్తారు, పగలు దాటాల్సిందే. అలాంటి దారిలో పనికొచ్చేది ఆఫ్‌లైన్ మ్యాప్. గూగుల్ మ్యాప్స్ తెరిచి, పైన మన బొమ్మ మీద నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని వస్తుంది. మనం వెళ్లే ప్రాంతమంతా ఒక చదరంలో పట్టి దించుకోవాలి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ పని చేసుకోండి. ఆ తర్వాత నెట్ లేకపోయినా మనమున్న చోట నీలం చుక్క కనపడుతుంది. ఎందుకంటే ఆ చుక్క ఉపగ్రహాల నుంచి వచ్చే జీపీఎస్ వల్ల కదులుతుంది, నెట్ వల్ల కాదు. ఇది నాకు మా అమ్మాయి మూడుసార్లు చెప్పింది. నమ్మకం మాత్రం తిరుగు ప్రయాణంలో కుదిరింది.

శ్రీశైలంలో మల్లన్న దర్శనం, భ్రమరాంబ అమ్మవారి దర్శనం రెండూ బాగా జరిగాయి. గది ముందే దేవస్థానం వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో తీసుకున్నాను. గూగుల్‌లో వెతికితే పైన కనిపించేదల్లా దేవస్థానానిది కాదు, దేవుడి పేరుతో నకిలీవి కూడా ఉంటాయి. ఫోన్ నంబరిచ్చి "అడ్వాన్స్ పంపండి" అంటే పంపకండి. అత్తయ్య మోకాళ్లకు మెట్లు పడవు, అందుకని పాతాళగంగకు రోప్‌వేలో దిగాం. దీపం వదిలేటప్పుడు అమ్మ రెండు దీపాలు వదిలింది. రెండోది ఎవరిదో అత్తయ్య కూడా అడగలేదు.

అక్కడ ఒక కన్నడ అమ్మమ్మ కనపడింది. అమ్మతో ఏదో అంటోంది, అమ్మకు సగమే అర్థమవుతోంది. నేను గొప్పగా గూగుల్ ట్రాన్స్‌లేట్ తీసి, తెలుగు ఒకవైపు, కన్నడం ఒకవైపు పెట్టి ఇద్దరి మధ్యా పట్టుకున్నాను. ఆవిడ కన్నడంలో మాట్లాడితే ఫోన్ తెలుగులో చెప్పింది. ఆవిడకి ముగ్గురు కూతుళ్లట, చిన్నదాని పెళ్లి మొక్కట. రెండు మాటలయ్యాక ఇద్దరికీ ఫోన్ అడ్డమైంది. ఒకరి చేతులొకరు పట్టుకుని ఎవరి భాషలో వాళ్లు అరగంట చెప్పుకున్నారు. మందుల షాపులోనో డాక్టరు దగ్గరో ఈ యాప్ బాగా పనికొస్తుంది. వెళ్లే రాష్ట్రం భాష ముందే దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అమ్మమ్మలకు మాత్రం అక్కర్లేదు.

ఇక తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం బస్సు. ఘాట్ రోడ్డు మధ్యలో ఒక చప్పుడు, బస్సు పక్కకు ఆగింది. టైరు. గంటసేపు ఆగిపోయాం. ఎవరి ఫోన్‌కీ సిగ్నల్ లేదు. ఎండ చెట్ల వెనక్కి వాలుతోంది. చంటిపిల్లతో ఉన్న ఒక అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, "నేను చెప్తే విన్నావా?" అన్నట్టు. నాకూ గొంతు ఎండిపోయింది. మార్కాపురంలో బండి అందకపోతే? రాత్రి ఇద్దరు పెద్దవాళ్లతో స్టేషన్‌లో ఏం చెయ్యాలి?

ఫోన్ తీసి మ్యాప్ తెరిచాను. పచ్చటి అడవి మధ్య సన్నటి దారి, దాని మీద నీలం చుక్క. దోర్నాల ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. "ఎంతో దూరం లేదత్తయ్యా, బస్సు కదిలితే ముప్పావు గంట" అన్నాను. వెనక సీటావిడ విని, "మాకూ చూపించమ్మా" అంది. అలా ఒకరి తర్వాత ఒకరు. ఆ చంటిపిల్ల తల్లికి చూపిస్తే, చుక్క మీద వేలు పెట్టి, "మనం ఇదా అక్కా?" అంది. అప్పుడు అత్తయ్య పక్కావిడతో అన్న మాట నాకు ఇవాళ్టికీ గుర్తుంది. "మా కోడలు. అన్నీ చూసుద్ది" అని.

దోర్నాలలో సిగ్నల్ రాగానే రైలు యాప్ చూశాను. మా బండి నలభై నిమిషాలు ఆలస్యం. బండి ఆలస్యమైందని అంత సంతోషపడ్డ ప్రయాణికురాలు నేనొక్కదాన్నే అయ్యుంటాను. స్టేషన్ చేరేసరికి తమ్ముడు అమ్మ కోసం వచ్చి ఉన్నాడు. దోర్నాలలోనే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టాను, వాడికీ మా ఆయనకీ. పదిహేను నిమిషాలకు, గంటకు, ఎనిమిది గంటలకు అని మూడు రకాలుంటాయి. ఎనిమిది గంటలది పెట్టుకుంటే "ఎక్కడున్నావు?" అనే ఫోన్లు రావు. మనింటివాళ్లకే పంపండి. ఎవరికి పంపామో చూసుకుని, ఇల్లు చేరాక ఆపెయ్యండి.

ఆ తర్వాత నా ఫోన్‌లో మరి కొన్ని చేరాయి. పోలీసు వాళ్ల శక్తి యాప్ 2025 మహిళా దినోత్సవం రోజున మార్కాపురంలోనే మొదలుపెట్టారు. ఆపదలో నొక్కితే పోలీసులకు సమాచారం వెళ్తుంది. ఇంతవరకూ నాకు అవసరం పడలేదు, పడకూడదనే కోరుకుంటాను, కానీ ఉంది. ఆర్టీసీ వాళ్ల లైవ్ ట్రాక్ యాప్‌లో బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూడొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో మనకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టిక్కెట్టు ఇస్తారు. యాప్‌లూ ఉచితమే, బస్సూ ఉచితమే. ఇంక కదలకపోవడానికి సాకు వెతుక్కోవాలి.

గూగుల్ మ్యాప్స్‌లో మనం చూడాలనుకున్న చోట్లకు గుర్తు పెట్టుకుని ఒక జాబితాగా దాచుకోవచ్చు. నా జాబితా పేరు "బీఏ తెలుగు". పరీక్షల కోసం బట్టీ పట్టి ఒక్కసారీ చూడని ఊళ్లన్నీ అందులో ఉన్నాయి. ఎర్రన కొలువున్న ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, గాంధీగారు 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పల్నాటి వీరుల కారంపూడి. అద్దంకి మాకు బస్సు దారే. ఇరవై నాలుగేళ్లుగా ఒక్కరోజులో వెళ్లొచ్చేంత దూరంలో ఉంది. మొన్న అత్తయ్యా నేనూ వెళ్లొచ్చాం. జీరో టిక్కెట్లు రెండూ ఆవిడ దేవుడి పటం వెనక దాచుకుంది.

అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు మార్కాపురం స్టేషన్‌లో తమ్ముడి ఫోన్‌లో మా బండి కదలడం చూసి, "అది నాకూ పెట్టరా" అందట. అమ్మ చదివింది ఐదో తరగతి. యాప్ తెలుగులో ఉంది కాబట్టి స్టేషన్ల పేర్లు కూడబలుక్కుని చదువుతుంది. మొన్న నాన్న తద్దినానికి ఒక్కదాన్నే బయల్దేరాను. మళ్లీ జనవరే, మళ్లీ మా ఆయన కళ్లంలోనే ఉన్నారు. కాకపోతే ఈసారి టిక్కెట్టు నా ఫోన్‌లో ఉంది. కిటికీ పక్కన కూర్చుని మిరపకాయల ఎరుపు చూస్తుంటే ఫోన్ మోగింది.

"దొనకొండ దాటావా?" అంది అమ్మ.

"ఇప్పుడే దాటానమ్మా."

"నాకు కనపడుతోందిలే. బియ్యం కడిగి పెట్టా. మార్కాపురం దాటినాక ఎసట్లో పోస్తా, నువ్వొచ్చేసరికి వేడిగా ఉంటది. రా."